పిక్క పట్టు, పాదం బరువు, అరికాలి మంట

మా కృష్ణా డెల్టాలో కాళ్ళ బాధకు ఉన్నన్ని పేర్లు మరే బాధకూ లేవనిపిస్తుంది. పిక్క పట్టేసిందంటారు, కాళ్ళు లాగుతున్నాయంటారు, పీకుతున్నాయంటారు, బరువెక్కాయంటారు, తిమ్మిరెక్కాయంటారు, అరికాళ్ళు మండుతున్నాయంటారు. ఇన్ని మాటలూ మందుల దుకాణం మెట్లెక్కేసరికి "కాళ్ళ నొప్పులు" అనే ఒక్క మాటగా కుదించుకుపోతాయి. ఆ ఒక్క మాటకు ఒక్క బిళ్ళ చేతికొస్తుంది. కాలేయం బాగున్నవారి సంగతి ఎలా ఉన్నా, ఏళ్ళ తరబడి కాలేయం చెడి గట్టిపడినవారికి, అంటే సిరోసిస్ అని వైద్యులు పేరు పెట్టినవారికి, ఆ ఒక్క బిళ్ళ చాలా కీడు చేయగలదు. అందుకే ఈ పేర్ల గురించి కొంచెం వివరంగా వ్రాయాలనిపించింది.

మా బాబాయి దివిసీమలో, నాగాయలంక దాటాక ఒక పల్లెలో ఉంటారు. తెలుగు పంతులుగా చేసి విరమించారు. జీవితంలో ఒక్క చుక్క తాగి ఎరుగరు. మధుమేహమూ, కాలేయంలో పేరుకొన్న కొవ్వూ కలిసి ఇరవయ్యేళ్ళలో చేసిన పని ఇది. అయినా "లివరు చెడింది" అనగానే ఊళ్ళో కొందరు అదోలా నవ్వుకోవటం ఆయనకు జబ్బుకంటె ఎక్కువ బాధ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో ఆయనకు ఇరవై రెండేళ్ళు. తాటిచెట్టును కావలించుకొని తెల్లవార్లూ నీళ్ళలో నిలబడి బ్రతికిన మనిషి. "ఆనాడు నన్ను నిలబెట్టిన కాళ్ళురా ఇవి, ఇప్పుడు పడుకోనివ్వటం లేదు" అంటారు. ఆయన పడుకోకపోతే మా పిన్నికీ నిద్ర లేదు. అర్ధరాత్రి కేక వినగానే లేచి, ఆ పిక్క సడలేదాకా ఒత్తుతూ కూర్చునేది. ఇలా నెలల తరబడి సాగింది.

బందరులో ఆయనను చూసే వైద్యుడు (కాగితాల మీద మచిలీపట్నమే గాని, మా నోట ఎప్పుడూ బందరే) మొదటిరోజు ఒక మంచి మాట అన్నారు: "మాస్టారూ, నొప్పి అని వ్రాసుకు రాకండి. మీ ఊళ్ళో ఏమంటారో ఆ మాటే వ్రాసుకురండి." తెలుగు పంతులుకు ఇంతకంటె కావలసిందేముంది! ఒక నోటుపుస్తకం కొని, ఏ రాత్రి ఎన్ని గంటలకు, ఏ కాలికి, ఏ మాట అని పద్దులాగా వ్రాయటం మొదలుపెట్టారు. నెల తిరిగేసరికి ఆ పద్దు మూడు రకాలుగా తేలింది.

మొదటిది పట్టు. నిద్రలో ఉన్నట్టుండి పిక్క రాయిలా బిగుసుకుంటుంది, కాలివేళ్ళు కొంకర్లు పోతాయి. సిరోసిస్ ఉన్న చాలామందికి ఇది ఉంటుంది. ఒంట్లో నీరూ లవణాలూ తారుమారు కావటం, నరాలు ఊరకే ఉలిక్కిపడటం, కండ కరిగిపోవటం, ఇలా కారణాలు పెనవేసుకొని ఉంటాయి. నీరు లాగటానికిచ్చే మాత్రలు (ఫ్యూరోసెమైడ్, స్పైరొనోలాక్టోన్) కొందరిలో దీన్ని పెంచుతాయి. అలాగని వాటిని మనంతట మనమే మానితే పొట్టలో నీరు చేరుతుంది. రక్తంలో సోడియం, పొటాషియం, మెగ్నీషియం చూసి మోతాదు సరిచెయ్యటం వైద్యుడి పని. బాబాయికి ఆ సర్దుబాటుతోనే సగం పట్లు తగ్గాయి. పట్టు వచ్చిన క్షణంలో మోకాలు చాచి, పాదం ముందుభాగాన్ని వేళ్ళతో సహా ఒంటివైపుకు లాగి పట్టుకోవాలి. పిన్ని ఇన్నాళ్ళూ ఒత్తింది గాని లాగలేదు. లాగటం నేర్చుకున్నాక రెండు మూడు నిమిషాల్లో వదిలేస్తోంది. పడుకోబోయే ముందు గోడకు రెండు చేతులూ ఆనించి, ఒక కాలు వెనక్కు పెట్టి, మడమ నేలకు ఆన్చి, అర నిమిషం చొప్పున పిక్కను సాగదీయటం కూడా మంచిది. తూలిపోయేవారు కుర్చీలో కూర్చునే చేయవచ్చు. పట్లకు ఒకప్పుడు క్వినైన్ ఇచ్చేవారు. గుండె లయకూ రక్తకణాలకూ అది చేసే చేటు తెలిశాక ఇప్పుడు వద్దంటున్నారు. బాక్లోఫెన్ వంటి మందులున్నాయి. కాని అవి మగత తెస్తాయి. కాలేయ రోగిలో మగత, తికమక అంటే వేరే అర్థాలుంటాయి కాబట్టి వాటిని వైద్యుడి కనుసన్నల్లోనే వాడాలి.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. 2022లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం వారు సిరోసిస్ ఉండి కండరాలు పట్టేసే 82 మందిని రెండు జట్లు చేసి, పట్టు వచ్చినప్పుడు ఒక జట్టును దోసకాయలు ఊరవేసిన పుల్లని ఉప్పునీళ్ళు ఒక గుక్క తాగమన్నారు, రెండో జట్టును మామూలు నీళ్ళు. ఊరగాయ నీళ్ళు తాగినవారికి పట్టు తీవ్రత ఎక్కువ తగ్గింది. అది రక్తంలోకి ఎక్కేంత వ్యవధి కూడా ఉండదు. ఆ పులుపు నోటినీ గొంతునూ తాకగానే నరాల ద్వారా కండకు "వదిలెయ్యి" అని కబురు పోతుందని ఊహిస్తున్నారు. ఈ సంగతి చెప్పినప్పుడు మా పిన్ని ముఖం చూడాలి! మాగాయకు ముక్కలు ఉప్పులో వేసి పిండినప్పుడు దిగే ఊట మనకు కొత్తా? కాని వాళ్ళది వినిగరు పులుపు, మనది మామిడి ఊట; దీన్ని ఎవరూ అలా పరీక్షించలేదు. పైగా అందులో ఉన్నదంతా ఉప్పే. వైద్యుడిని అడిగితే నవ్వి, "పట్టు వచ్చినప్పుడు అరచెంచా, అంతే. అన్నంలోకి కాదు" అన్నారు. ఆ షరతులోని రెండో వాక్యమే మా ఇంట్లో పెద్ద యుద్ధం.

ఎందుకంటే రెండోది బరువు. సాయంత్రానికి చీలమండలు ఉబ్బి, వేలితో నొక్కితే గుంట పడి, పాదాలు ఇటుకల్లా అవుతాయి. చెడిన కాలేయం అల్బుమిన్ అనే మాంసకృత్తిని సరిగా తయారుచెయ్యలేదు, మూత్రపిండాలు ఉప్పును పట్టి ఉంచుతాయి, ఉప్పు వెంట నీరు నిలుస్తుంది. దీనికి మొదటి మందు వంటింట్లోనే ఉంది: రోజుకు మొత్తం మీద ఐదు గ్రాములు, అంటే చిన్న చెంచాడు ఉప్పు. చెప్పటం తేలిక. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ, ఉప్పుచేప లేకుండా దివిసీమలో అన్నం తినమనటం, కృష్ణమ్మను పైకి పారమనటం లాంటిది. బాబాయి ఊరగాయ జాడీని తానే తీసుకువెళ్ళి పక్కింట్లో ఇచ్చి వచ్చారు. చింతపండు, నిమ్మరసం, అల్లం, జీలకర్ర, ధనియాల పొడి కాస్త ఎక్కువ వేసి పిన్ని నాలుకను మరపిస్తోంది. ఉప్పు బొత్తిగా మానిపించి తిండి సయించకుండా చేస్తే ఉన్న కండ కూడా కరుగుతుందని వైద్యుడు హెచ్చరించారు. కాలేయ జబ్బుకు పప్పూ గుడ్డూ పనికిరావన్న పాతకాలపు పథ్యం ఇప్పుడు లేదు. గుడ్డు, పెసరపప్పు, పెరుగు, మంచినీటి చేప అన్నీ పెడుతున్నారు. రాత్రి పడుకునే ముందు ఏదో ఒకటి తప్పక తినమన్నారు. ఖాళీ కడుపుతో రాత్రి గడిస్తే ఒళ్ళు తన కండనే కరిగించుకు తింటుందట.

ఒక జాగ్రత్త ఇక్కడే చెప్పాలి. గుడివాడలో ఒక బంధువు ప్రేమగా "తక్కువ సోడియం ఉప్పు" పొట్లం తెచ్చి ఇచ్చాడు. అటువంటి ఉప్పులో సోడియం బదులు చాలావరకు పొటాషియం క్లోరైడు ఉంటుంది. స్పైరొనోలాక్టోన్ వాడేవారి ఒంట్లో పొటాషియం అసలే నిలుస్తుంది; అది మితిమీరితే గుండె లయ తప్పుతుంది. తీరప్రాంతం వాళ్ళం, కొబ్బరిబొండాం మాకు మంచినీళ్ళతో సమానం. కాని అందులోనూ పొటాషియమే. అడగకుండా ఈ రెండూ వద్దు. పగలు రెండు మూడుసార్లు మంచం మీద వెల్లకిలా పడుకొని, కాళ్ళ కింద దిండ్లు పెట్టి అరగంట ఉంటే బరువు దిగుతుంది. ఖర్చు లేని మందు, ఎవరూ చెయ్యని మందు.

మూడోది మంట, తిమ్మిరి, సూదులు గుచ్చినట్టుండటం. ఇది నరాలది. మధుమేహమూ మద్యమూ రెండూ తెచ్చేదే, బి12 లోపమూ తేగలదు. కాలేయ జబ్బులోనూ కనిపిస్తుంది. బాబాయికి చక్కెర అదుపులో పెట్టటంతో కొంత నెమ్మదించింది. అరికాలికి స్పర్శ తగ్గినవారికి వేడినీళ్ళ కాపడం పెట్టకూడదు: కాలింది తెలియదు, పుండు మానదు. నరాల మంటకు బయట విరివిగా వ్రాసే డులోక్సెటిన్ కాలేయ రోగులకు పనికిరాదు. కాబట్టి ఈ మంటకు ఏ కొత్త మాత్ర వ్రాసినా "నాకు సిరోసిస్ ఉంది" అని ముందే చెప్పాలి.

ఇక ఆ ఒక్క బిళ్ళ సంగతి. మా వైపు ఒక గట్టి నమ్మకం ఉంది, పారాసిటమాల్ లివరును పాడుచేస్తుంది కాబట్టి దాని బదులు డైక్లోఫెనాకో ఐబుప్రొఫెనో వేసుకోవాలని. కాలేయం చెడినవారి విషయంలో ఇది తలకిందుల మాట. ఆ రెండో రకం మాత్రలు మూత్రపిండాలకు రక్తాన్ని తగ్గిస్తాయి, నీటి మాత్రల పని చెడగొడతాయి, కడుపులో రక్తస్రావం తెస్తాయి. గొంతులో, పొట్టలో ఉబ్బిన రక్తనాళాలున్నవారికి ఆ రక్తస్రావం ఎంత దూరం పోతుందో చెప్పనక్కర లేదు. వైద్యుడు అనుమతిస్తే పారాసిటమాల్ రోజుకు రెండు గ్రాములు మించకుండా, అంటే 500 మిల్లీగ్రాముల బిళ్ళలు నాలుగు దాటకుండా వాడవచ్చు. మద్యం తాగేవారికి, తిండి తినలేనివారికి అంతకంటె తక్కువ. జలుబు మాత్రలోనూ అదే ఉంటుందని లెక్కలో వేసుకోవాలి. పల్లెలో సూది వేసే ఆయనకు ఇదంతా చెప్పే ఓపిక లేక బాబాయి ఒక అట్టముక్క మీద "నాకు డైక్లోఫెనాక్ సూది వేయరాదు" అని గుండ్రటి అక్షరాలతో వ్రాసి చొక్కా జేబులో పెట్టుకున్నారు. పంతులుగారి చేతివ్రాత కదా, ఎవరైనా చదువుతారు.

ఈ మూడింటిలోనూ చేరని నొప్పి వస్తే మాత్రం పద్దు వ్రాస్తూ కూర్చోకూడదు. ఒక్క కాలే వాచి, వేడిగా, పిక్క నొక్కితే నొప్పిగా ఉంటే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. కాలేయ రోగి రక్తం పలచన కాబట్టి గడ్డకట్టదనుకోవటం పొరపాటు. చర్మం ఎర్రబడి, గంటల్లో పాకుతూ, బొబ్బలెక్కి, జ్వరం తగిలితే ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళాలి. వెచ్చని ఉప్పునీళ్ళలో, సముద్రంలోనూ ఏటిమొగల్లోనూ, విబ్రియో వల్నిఫికస్ అనే సూక్ష్మజీవి ఉంటుంది. ఆరోగ్యవంతులను పెద్దగా బాధించదు గాని, కాలేయ రోగికి చిన్న గాయం చాలు, ఒకటి రెండు రోజుల్లో ప్రాణాంతకం కాగలదు. సరిగా ఉడకని గవ్వచేపల ద్వారానూ వస్తుంది. రొయ్యల చెరువులూ ఏటిపాయలూ చుట్టూ ఉన్న దివిసీమలో ఒట్టి కాళ్ళతో గట్టు దిగటం అందరికీ అలవాటే. బాబాయి పగిలిన మడమలతో రోజూ సాయంత్రం తమ్ముడి చెరువు గట్టున తిరిగి, ఎరేటర్ల కింద నీళ్ళలో కాళ్ళు కడుక్కొని వచ్చేవారు. ఈ మాట విన్న రోజున పిన్ని ఏమీ అనలేదు. మర్నాడు అవనిగడ్డ బస్సెక్కి వెళ్ళి, మోకాలిదాకా వచ్చే నల్ల రబ్బరు బూట్లు ఒక జత కొని తెచ్చి, గుమ్మం పక్కన పెట్టింది. వాపు ఉన్న కాలికి పట్టాలని, ఒక సైజు పెద్దవి అడిగి మరీ తెచ్చింది.