విమానం నడిపేది పైలటా, కంప్యూటరా? మన స్టార్టర్ పెట్టెని అడిగి చూడండి



ఈసారి తెగుళ్ల గురించి కాదు, రేట్ల గురించి కాదు. విమానం గురించి రాస్తున్నా. నీకూ విమానానికీ ఏం సంబంధమయ్యా అని నవ్వుకోకండి. ఓపిగ్గా చదివితే మన బోరు మోటారు దగ్గరికే వస్తాం.

2025 నవంబరు 28న ఎయిర్‌బస్ కంపెనీ ఒక ప్రకటన చేసింది. ఎ320 రకం విమానాల్లో సుమారు 6,000 విమానాలకు కంప్యూటర్‌లో మార్పు చేయాలి, అది చేశాకే ఎగరనివ్వాలి అని. కారణం ఏంటంటే, అంతకు నెల ముందు అక్టోబరు 30న మెక్సికో నుంచి అమెరికా వెళ్తున్న ఒక ఎ320, పైలట్ అడక్కుండానే ఉన్నట్టుండి ముక్కు కిందికి వంచింది. లోపలున్న కొందరికి దెబ్బలు తగిలాయి. సూర్యుడి నుంచి వచ్చే తీవ్రమైన రేడియేషన్ కంప్యూటర్‌లోని లెక్కను చెడగొట్టే వీలుందని కంపెనీ తేల్చింది. ఎండ వేడికి కాదండీ, కంటికి కనపడని కిరణాలకి. చాలా విమానాల్లో సాఫ్ట్‌వేర్‌ని పాత దానికి మార్చితే సరిపోయింది, కొన్ని గంటల పని.

మా అమ్మాయి ఉద్యోగం బెంగళూరులో. పండక్కి వచ్చేది ఈ రకం విమానంలోనే. ఆ వార్త విన్నాక మా ఇంటావిడ ఒకటే ప్రశ్న. "ఇంతకీ విమానం నడిపేది పైలటా, కంప్యూటరా?" సరైన ప్రశ్నే అనిపించింది. అప్పట్నుంచి దొరికిందల్లా చదివా. అర్థమైంది అర్థమైనట్టు మీకు చెప్తా.

ముందు పాత విమానం సంగతి. పైలట్ చేతిలో కర్ర ఉంటుంది. దాన్నుంచి ఇనుప తీగలు, కప్పీల మీదుగా రెక్కల చివర్లకీ తోకకీ పోతాయి. కర్ర లాగితే తీగ లాగుతుంది, తీగ లాగితే రెక్క చివరున్న పలక కదులుతుంది. విమానాలు పెద్దవైన కొద్దీ మనిషి బలం చాలక హైడ్రాలిక్ వచ్చింది. మన ట్రాక్టర్‌కి పవర్ స్టీరింగ్ వచ్చినట్టు.

ఆ తర్వాత వచ్చిందే ఫ్లై బై వైర్. ఇక్కడ వైర్ అంటే లాగే తీగ కాదు, కరెంటు వైరు. పైలట్ కర్ర కదిపితే పలక నేరుగా కదలదు. "ఇలా కావాలి" అని కంప్యూటర్‌కి ఒక సిగ్నల్ పోతుంది. ఇప్పుడు వేగం ఎంత, ఎత్తు ఎంత, గాలి ఎలా తగులుతోంది అని కంప్యూటర్ చూసుకుని, ఏ పలకని ఎంత కదపాలో లెక్కగట్టి హైడ్రాలిక్‌కి చెప్తుంది. 1987 ఫిబ్రవరి 22న మొదటిసారి ఎగిరిన ఎ320, డిజిటల్ కంప్యూటర్లతో ఇలా నడిచే ప్రయాణికుల విమానాల్లో మొదటిది.

మనకి ఇది కొత్తేం కాదు. ట్రాక్టర్ లిఫ్ట్‌లో డ్రాఫ్ట్ కంట్రోల్ లేదూ? లీవర్‌ని ఒకచోట పెట్టి వదిలేస్తాం. నేల గట్టిగా తగిలితే నాగలి తనంతట తనే కాస్త పైకి లేస్తుంది, మెత్తబడితే మళ్లీ దిగుతుంది. మనం చెప్పింది "ఇంత లాగుడు చాలు" అని మాత్రమే. ఎప్పుడు ఎత్తాలి, ఎప్పుడు దించాలి అన్నది హైడ్రాలిక్ చూసుకుంటుంది. ఎ320లో కూడా అంతే. పైలట్ పక్కనున్న చిన్న కర్రని ఎడమకి వంచితే విమానం ఎడమకి వాలుతుంది. వదిలేస్తే ఆ వాలు అలాగే నిలబడుతుంది. గాలి తోసినా కంప్యూటరే సరిచేసుకుంటుంది.

ఇంకో సంగతి. పైలట్ ఎంత కర్ర తిప్పినా విమానం 67 డిగ్రీలకు మించి పక్కకి వాలదు. ముక్కు 30 డిగ్రీలకు మించి పైకి లేవదు, 15 డిగ్రీలకు మించి కిందికి వంగదు. అన్నిటికంటే ముఖ్యం, స్టాల్ కానివ్వదు. స్టాల్ అంటే ఏంటో చెప్తా. బస్సు కిటికీలోంచి అరచెయ్యి బయట పెట్టారనుకోండి. కాస్త వాలుగా పెడితే గాలి చేతిని పైకి లేపుతుంది. మరీ నిలువుగా తిప్పితే లేపడం మానేసి వెనక్కి తోస్తుంది. రెక్కకీ అంతే. ముక్కు మరీ ఎత్తితే గాలి రెక్కని వదిలేస్తుంది, విమానం రాయిలా దిగుతుంది.

ఈ కాపలా ఎంత మేలు చేసిందో 2009 జనవరి 15న న్యూయార్క్‌లో చూశారు. ఎ320కి అడవి బాతుల గుంపు తగిలి రెండు ఇంజిన్లూ పోయాయి. సల్లెన్‌బర్గర్ అనే పైలట్ దాన్ని హడ్సన్ నదిలో దించాడు. చివరి క్షణాల్లో కర్రని బాగా వెనక్కి లాగాడు. అయినా కంప్యూటర్ విమానాన్ని స్టాల్ కానివ్వలేదు. 155 మందీ బతికారు. పైలట్ గొప్పవాడా, కంప్యూటర్ గొప్పదా అంటే, ఎక్కడ దించాలో తేల్చింది మనిషి, హద్దు దాటకుండా పట్టుకుంది యంత్రం.

మరి కంప్యూటర్ తప్పు చేస్తే? అందుకే ఒకటి కాదు, ఎ320లో ఈ పనికి 7 కంప్యూటర్లు పెట్టారు. ముఖ్యమైన రెండు రకాల కంప్యూటర్లలో వేర్వేరు చిప్పులు, ప్రోగ్రాం రాసినవాళ్లూ వేర్వేరు. ఒకరి తప్పు అన్నిట్లోకీ పాకకూడదని. ఒక్కో కంప్యూటర్‌లో మళ్లీ రెండు భాగాలు. ఒకటి ఆజ్ఞ ఇస్తుంది, రెండోది సరిచూస్తుంది. పత్తి కాటా దగ్గర వాళ్లు తూకం చెప్తుంటే పక్కన మనం కూడా రాసుకుంటాం చూడండి, అలాగ. లెక్క కలవకపోతే ఆ కంప్యూటర్ తనంతట తనే తప్పుకుంటుంది.

ఇప్పుడు మన స్టార్టర్ పెట్టె దగ్గరికి వద్దాం. ప్రివెంటర్ పని ఏంటి? మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారు కాలిపోకుండా ఆపేయడం. మరి ప్రివెంటరే పాడైతే ఏం చేస్తాం? దాన్ని తప్పించి డైరెక్ట్ ఇచ్చేస్తాం. మోటారు తిరుగుతుంది, నీళ్లొస్తాయి. చూసేవాడికి ఏ తేడా ఉండదు. కానీ ఫేజు పోతే ఆపేవాడు లేడు.

విమానంలో కూడా అచ్చం ఇవే దశలు ఉన్నాయి. అన్నీ బాగుంటే నార్మల్ లా, కాపలా మొత్తం ఉంటుంది. కంప్యూటర్‌కి వచ్చే సమాచారం నమ్మేలా లేకపోతే ఆల్టర్నేట్ లా, కాపలాలో కొంత పోతుంది. ఇంకా చెడితే డైరెక్ట్ లా. పేరు కూడా మనదే చూడండి! కర్ర ఎంత కదిపితే పలక అంత కదులుతుంది, అడ్డుకునేది ఏదీ లేదు.

2009 జూన్ 1న బ్రెజిల్‌లోని రియో నుంచి పారిస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానం సముద్రంలో పడింది. అది ఎ330. అదీ ఈ పద్ధతిలో నడిచేదే. వేగం కొలిచే పిటో గొట్టాలు మూడుంటాయి. మేఘాల్లో మంచు స్ఫటికాలు వాటిని మూసేశాయి. వేగం లెక్కలు ఒకదానికొకటి కలవలేదు. కంప్యూటర్ నిజాయితీగా "నాకు తెలీట్లేదు, ఇక మీరే చూసుకోండి" అన్నట్టు ఆటోపైలట్ వదిలేసి, ఆల్టర్నేట్ లాకి దిగింది. స్టాల్ కాకుండా ఆపే కాపలా పోయింది.

గొట్టాల్లో మంచు ఒక్క నిమిషంలోపే కరిగింది. విమానం బాగానే ఉంది, ఇంజిన్లు బాగానే ఉన్నాయి. కానీ నడుపుతున్న పైలట్ కర్రని వెనక్కి లాగాడు, దాదాపు లాగుతూనే ఉన్నాడు. ముక్కు లేచింది, స్టాల్ అయింది, హెచ్చరిక మోగింది. పక్కనున్న పైలట్‌కి ఆ లాగుడు చేతికి తెలియదు, ఎందుకంటే ఎయిర్‌బస్‌లో రెండు కర్రలూ ఒకదానితో ఒకటి కలిసి కదలవు. ఆటోపైలట్ వదిలేశాక నాలుగున్నర నిమిషాల్లోపే అంతా అయిపోయింది. 228 మంది పోయారు.

ఇందులో నా గుండె పట్టేసిన విషయం ఒకటుంది. కాపలా పోయిందని తెర మీద రాసి వచ్చింది. పక్కనున్న పైలట్ ఆ మాట పైకి చదివాడు కూడా. అయినా దాని అర్థం బుర్రకెక్కలేదు. చెప్పడం వేరు, ఎక్కడం వేరు.

మూడేళ్ల కింద మా పక్క చేలో ఇలాంటిదే జరిగింది. అన్నదమ్ములిద్దరికీ ఒకటే బోరు. ప్రివెంటర్ ఊరికే పడిపోతోందని తమ్ముడు సాయంత్రం డైరెక్ట్ చేసి ఇంటికెళ్లాడు. అన్నకి ఫోన్‌లో "డైరెక్ట్ చేశా" అన్నాడు, అన్న "సర్లే" అన్నాడు. రాత్రి కరెంటు వంతు అన్నది. ఎప్పట్లాగే స్విచ్ వేసి గట్టు మీద నడుం వాల్చాడు. ఏదన్నా తేడా వస్తే పెట్టె ఆపేస్తుందిలే అని ఇన్నేళ్ల అలవాటు. రెండు గంటలప్పుడు ఒక ఫేజు పోయింది. తెల్లారేసరికి మోటారు కాలింది. వరి పొట్ట మీదుంది. మోటారు పైకి లాగి, వైండింగ్ చేయించి, మళ్లీ దింపేసరికి ఆరు రోజులు. ఆ యేడు సగం చేను తాలు పోయింది. ఇద్దరిలో ఎవరినీ తప్పు పట్టలేం. తమ్ముడికి నీళ్లు కావాలి, అన్నకి పెట్టె మీద నమ్మకం.

బోయింగ్ వాళ్లు వేరే దారి పట్టారు. 1994లో ఎగిరిన 777లోనూ ఫ్లై బై వైరే. కానీ రెండు స్టీరింగులూ కలిసే కదులుతాయి, ఒకరు లాగితే రెండోవారి చేతికి తెలుస్తుంది. హద్దు దగ్గర స్టీరింగ్ బరువెక్కుతుంది, పైలట్ గట్టిగా లాగితే మాత్రం దాటనిస్తుంది. ఏ దారి మేలన్న వాదన ఇంకా తెగలేదు. ఇద్దరి విమానాల్లోనూ రోజూ లక్షల మంది క్షేమంగా దిగుతున్నారు. మా ఇంటావిడకి కూడా అదే చెప్పా. నడిపేది పైలటే, కంప్యూటర్ అతని చేతికీ విమానానికీ మధ్య నిలబడ్డ కాపలాదారు. కాపలాదారు ఉన్నాడా లేడా అన్నది పైలట్‌కి ప్రతి క్షణం తెలిసుండాలి. 447 తర్వాత ప్రపంచమంతా పైలట్లకి శిక్షణలో గట్టిగా నేర్పుతున్నది కూడా ఇలాంటి పరిస్థితే. వేగం లెక్క పోతే ఏం చేయాలి, స్టాల్ అయితే ముక్కు ఎలా దించాలి అని.

మనకి శిక్షణ ఇచ్చేవాడు ఎవడూ లేడు కాబట్టి మనమే చేసుకుందాం. డైరెక్ట్ చేయమని నేను చెప్పట్లేదు. ప్రివెంటర్ బాగు చేయించుకోవడమే పద్ధతి. కానీ చేను ఎండుతుంటే చేస్తాం, అది మన బతుకు. చేసినప్పుడు పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. రాత్రి నీళ్లు పెట్టే మనిషికి "డైరెక్ట్ చేశా" అని ఒక్క ముక్కలో సరిపెట్టకండి. "ఫేజు పోతే మోటారు ఆగదు, నువ్వే వెళ్లి ఆపాలి, పడుకోకు" అని చెప్పండి. అతని చేత ఆ మాట తిరిగి చెప్పించుకోండి. బాగు చేయించిన రోజున ఆ కాగితం మీరే పీకెయ్యండి.

మీ చేలో పెట్టె ఇప్పుడు ఏ లాలో నడుస్తోందో ఒకసారి చూసి, కింద రాయండి అన్నా.