మీకెందుకు?

సంస్కృతాంగ్లములు రెండును జదివి, ప్రొద్దుటూరిలో బాలురకుఁ బాఠములు చెప్పుచు కాలము గడపుచున్న మాకు, 'తెలిసికొనుట' యనుదానిని గూర్చి క్రొత్తగా నేర్చుకొనవలసిన దేమియు లేదను గర్వ ముండెడిది. అది యెట్లు భంగమయ్యెనో చదువరులకు విన్నవించెదము.

జమ్మలమడుగు ప్రాంతమున మా తండ్రిగారికి రెండెకరముల మెట్ట గలదు. ఆయన గతించిన పిదప అడంగలులో వేఱొకరి పేరు కనఁబడెను. ఏ యుత్తరువుచే మార్చిరో చూడఁగోరి యొక కచేరికిఁ బోయితిమి. అచ్చటి యుద్యోగి తల యెత్తకయే "మీ కెందుకు?" అనెను. కారణము చెప్పితిమి. మఱునాఁడు రమ్మనెను. అట్లు నాలుగు మాఱులు తిరిగితిమి.

మా సీమకు లెక్కలు క్రొత్తవి కావు. 1800లో దత్తమండలములు కుంపిణీవారి వశమైన పిదప, 1807 వఱకు నిచ్చట కలెక్టరుగా నున్న థామస్ మన్రో పొలము పొలమును గొలిపించి వ్రాయించెను. కాలిన్ మెకంజీ తన మనుష్యులచే గ్రామముల కైఫియత్తులు సేకరింపించెను. మా జిల్లా కైఫియత్తులను కడపలో బ్రౌను పేరిట నున్న భాషాపరిశోధన కేంద్రమువారు అచ్చువేసిరి. రెండువందల యేండ్లనాఁటి సంగతు లెవ్వరైనను జదువవచ్చును. నిన్నటి యుత్తరువు మాత్రము చూడరాదు! ఊరి లెక్కలు కరణముల యింటి పెట్టెలలో నుండు కాలము 1984లో ముగిసెను గాని, పెట్టె తాళము నాదే యను బుద్ధి కచేరీలలో నింకను ముగియలేదు.

అప్పుడు 2005 నాఁటి సమాచారహక్కు చట్టమును దెచ్చి చదివితిమి. దానికి మూలము పండితుల వాదములు మాత్రమే కాదు. రాజస్థానమున కూలివాండ్రు తమ కూలి లెక్కల హాజరుపట్టీలను జూపుఁడని యడిగి, 1996లో బ్యావరు పట్టణమున దినముల తరబడి వీధిలోఁ గూర్చుండిరి. చట్టము ప్రకారము 30 దినములలో జవాబీయవలెను. ప్రాణస్వేచ్ఛలకు సంబంధించినచో 48 గంటలలో. దేశరక్షణ మొదలగు కొన్ని విషయములను దాఁచవచ్చును. కాని యడుగువాఁడు 'ఎందుకు' అనుదానికి జవాబు చెప్పనక్కఱలేదు. అడుగకమునుపే కచేరీలు తమంతట ప్రకటింపవలసినవియుఁ బెక్కు గలవు.

అర్జీ పెట్టితిమి. నెల నిండకమునుపే యొక కాగితము వచ్చెను: అట్టి యుత్తరువేదియు దస్త్రములలో లేదు. ఆ యొక్క వాక్యమే మా పొలమును మాకు నిలిపెను.

ఇది మా రెండెకరముల మాటయే కాదు. పులివెందుల చేరువ తుమ్మలపల్లెలో యురేనియము గని యున్నది. అట్టి గనుల ప్రభావమును దెలుపు నివేదిక సంక్షేపము స్థానికభాషలో సైతము ప్రజలకు లభింపవలెనని 2006 నాఁటి పర్యావరణ ప్రకటన తొలుత విధించెను. గని ప్రక్క పల్లెలోని యిల్లాలికి తన బావినీటిని బరీక్షించిన కాగితము, మాకు మా అడంగలుకంటె నెన్ని మడుఁగు లెక్కువ విలువగలదో వేఱుగఁ జెప్పనేల?

ఇట్లు వచ్చినవారి కెల్ల హక్కులను గూర్చి యుపన్యసించుచుండఁగా, ఒకనాఁడు మా పాఠశాలకు పులివెందుల వైపునుండి కూలికి వచ్చి యిచ్చట నిలిచిన యొక తల్లి వచ్చెను. ప్రధానోపాధ్యాయులు సెలవులో నుండఁగా మధ్యాహ్నభోజనపు లెక్క ఆ వారము మాపైఁ బడియుండెను.

"సారూ, ఆ అన్నం లెక్కల పుస్తకం ఒగసారి సదివి ఇనిపించండి."

మా నోట వెడలిన మాట: "నీ కెందుకమ్మా?"

ఆ యుద్యోగి మమ్ము 'మీరు' అనియైన ననెను. మే మదియు ననలేదు.

ఆమె కోపపడలేదు. "నా బిడ్డ తినే కూడు గదా సారూ" అనెను.

పట్టీ తెఱచితిమి. ఆమె కూఁతురు జ్వరముతో నింటనున్న మూఁడు దినములును తరగతి హాజరు ముప్పదినాలుగు, భోజనపట్టీలో నలుబది. క్రింద సంతకము మాది. వంటవారు చెప్పిన యంకెను లెక్కింపక వ్రాసి సంతకము చేసియుంటిమి. ఆమెకు చదువు రాదు గనుక నా యంకెలను మేమే పైకిఁ జదివి వినిపింపవలసి వచ్చెను. అంత పెద్దపాఠము మే మెన్నఁడును జదువలేదు.

ప్రధానోపాధ్యాయులు రాఁగానే తప్పును వ్రాసి యిచ్చితిమి. నాఁటినుండి ప్రతిదినమును హాజరైనవా రెందఱు, తిన్నవా రెందఱు అను లెక్కను వాకిటి నల్లబల్లపై వ్రాయుచున్నాము. సాయంకాలము తల్లి వచ్చినపుడు ఆ బాలిక దానిని బిగ్గరగాఁ జదివి వినిపించును.

చదువరులారా, మీ పిల్లల పాఠశాలలోను ఆ పట్టీ యొకటి యుండును. పోయి చూపుఁడని యడుగుఁడు. మావంటి వాఁ డెవ్వఁడైన "మీ కెందుకు?" అన్నచో, కారణము చెప్పకుఁడు, మరల నడుగుఁడు.