“విజయవంతంగా ఎక్కింది” అంటే నమ్మొచ్చా?

వేల వరుసలున్న ఫైలుని వెబ్ పేజీ నుంచి డేటాబేసులోకి ఎక్కించేటప్పుడు ఎర్రర్ వస్తే నాకు భయం లేదు. ఏ ఎర్రరూ రాకుండా పని అయిపోతేనే భయం. ఎందుకో చెప్తాను.

కొన్నాళ్ళ కిందట ఒక మిత్రుడు ఫోన్ చేశాడు. వాళ్ళు రాసిన పీహెచ్‌పీ అప్లికేషన్లోకి కాలేజీ గుమాస్తాలు స్కాలర్‌షిప్ జాబితాలని సీఎస్వీ ఫైళ్ళుగా పంపిస్తారు. వెనకాల మైసీక్వెల్ ‘లోడ్ డేటా ఇన్‌ఫైల్’ అనే కమాండుతో వాటిని ఒక్క గుక్కలో మింగేస్తుంది. వరుసకో ఇన్సర్ట్ రాయడం కంటే ఇది చాలా వేగం. మావాడి సొంత కంప్యూటర్లో బ్రహ్మాండంగా నడిచింది గానీ, అసలు సర్వర్ల మీద పెడితే ఫైలే కనబడట్లేదంది.

ఇది మామూలే. ఆ కమాండు ఫైలుని వెతికేది డేటాబేసు ఉన్న మిషన్లో. వీళ్ళ ఫైలేమో వెబ్ సర్వర్లో ఉంది. ‘లోకల్’ అన్న మాట చేర్చి, రెండు వైపులా దానికి అనుమతి ఇమ్మన్నాను. 2018లో వచ్చిన 8.0 వెర్షన్ నుంచి సర్వరు ఆ తలుపు మూసే ఉంచుతుంది లెండి. “విజయవంతంగా ఎక్కింది” అని పచ్చరంగులో వచ్చింది. మావాడు ఖుషీ.

అసలు కథ అక్కణ్ణించే మొదలు. వారం తిరక్కుండా కొందరు పిల్లల పేర్లు లేవని కబురొచ్చింది. తీరా చూస్తే, వాళ్ళలో చాలామంది ఖాతాలు ఒకే బ్యాంకు శాఖలోవి!

ఆ సీఎస్వీని ఎక్సెల్లో కాకుండా నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడమన్నాను. 15 అంకెల ఖాతా నంబరు ఉండాల్సిన చోట ఆరేడు అంకెలూ, వాటి పక్కన ‘ఈ ప్లస్ 14’ అనీ ఉంది. 11 అంకెలు దాటిన సంఖ్యని ఎక్సెల్ మామూలుగా ఇలా కుదించి చూపిస్తుంది. సీఎస్వీగా దాచమంటే, కళ్ళకి కనిపించేదే రాసేస్తుంది. ఒకే శాఖ ఖాతాలకి మొదటి అంకెలు ఒకటే కాబట్టి, కుదించాక అందరి నంబరూ ఒకటే అయి కూర్చుంది.

ఖాతా నంబరు రెండోసారి రాకూడదని టేబుల్లో నియమం ఉంది. ‘లోకల్’ లేకపోతే మైసీక్వెల్ అక్కడే ఆగి గోల చేసేది. అది ఉంటే ఆగదు. మొదటివాళ్ళని ఉంచి, మిగతావాళ్ళని వదిలేసి, ఓ హెచ్చరిక రాసుకుని ముందుకు పోతుంది. ఆ హెచ్చరికని కోడు ఎవరికీ చూపించలేదు. పైగా లోపలికెళ్ళిన మొదటివాళ్ళ నంబరు మాత్రం సరైనదా ఏంటి?

అదృష్టం కొద్దీ గుమాస్తా దగ్గరున్న అసలు ఎక్సెల్ ఫైల్లో అంకెలన్నీ భద్రంగా ఉన్నాయి. ఆ కాలమ్‌ని పూర్తి సంఖ్యగా కనిపించేలా మార్చి మళ్ళీ దాస్తే సరిపోయింది.

“గుమాస్తాకి ఎక్సెల్ రాదు” అని అక్కడ అందరూ తేల్చేశారు. నేనొప్పుకోను. ఖాతా నంబర్లో అంకెలు తప్ప ఇంకేవీ ఉండకూడదని చూడాల్సింది ప్రోగ్రాము. ముందు అన్ని కాలమ్‌లూ టెక్స్టుగానే ఉన్న ఓ తాత్కాలిక టేబుల్లోకి ఎక్కించి, పరీక్షించి, తప్పున్న వరుస నంబరు చెప్పి ఫైలు వెనక్కి పంపడానికి ఒక్కపూట పని. మనకది ఒక వరుస. అవతల ఒక పిల్లకి ఆ ఏడాది ఫీజు.

అంత ఓపిక లేదంటారా? పచ్చరంగు సందేశం బదులు, ఫైల్లో ఎన్ని వరుసలు, టేబుల్లోకి ఎన్ని చేరాయి అని రెండంకెలు పక్కపక్కన చూపించండి. తేడా ఉంటే ఆ గుమాస్తాయే మీకు ఫోన్ చేస్తాడు.