పది నిమిషాలు దగ్గకండి అత్తయ్యా

ఈ సంచికకు ఏదైనా రాయమని సంపాదకులు కబురు పెట్టినప్పుడు, "నాకు రాయడానికి ఏముందండీ? బడి, వంట, అప్పడాలు, అంతేగా" అన్నాను. "అవే రాయండి" అన్నారు. అప్పుడు మొన్న ఉగాది సమావేశంలో ఒక చెల్లెలు అడిగిన మాట గుర్తొచ్చింది. "అక్కయ్యా, బళ్లో లెక్కలు చెబుతారు, ఫోనులో పిల్లలకి తెలుగు నేర్పుతారు, హిప్నాటిజం చదివారట, ఎం.ఏ. కూడా కడుతున్నారట. ఇన్ని ఎలా చేస్తారు?" అని అడిగింది. అక్కడ నలుగురిలో నవ్వి ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే, చెయ్యలేకపోయాను. ఆ సంగతే రాస్తున్నాను.

మాది బరంపురం. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. తాతల నాటి నుంచి మేం ఇక్కడివాళ్లమే. బళ్లో ఒడియా, ఇంట్లో తెలుగు. మీలో చాలామంది ఇళ్లలోనూ ఇదే కథ కదా! తెలుగు అక్షరాలు మా అమ్మ పలక మీద దిద్దించింది. ఆ అక్షరాలతోనే వారపత్రికలు, ఆ పత్రికల్లోంచే హిప్నాటిజం నాకు పరిచయమయ్యాయి.

1994లో, నాకు పదహారేళ్లప్పుడు, మా ఊళ్లో ఒక ప్రదర్శన జరిగింది. వేదిక మీద ఒకాయన ఒక కుర్రాడికి ఉల్లిపాయ ఇచ్చి "ఇది యాపిల్ పండు, తిను" అంటే, వాడు కళ్లనీళ్లు రాకుండా కొరుక్కు తినేశాడు. హాలంతా చప్పట్లు. నాకు మాత్రం రాత్రి నిద్ర పట్టలేదు. ఆ కుర్రాడి నోట్లో ఉన్నది ఉల్లిపాయే కదా, మరి ఆ ఘాటు ఎక్కడికి పోయింది? ఆ రోజుల్లో తెలుగువాళ్లకి హిప్నాటిజం అనగానే గుర్తొచ్చే పేరు బి.వి. పట్టాభిరాం గారిది. 2025లో కన్నుమూశారు. విశాఖ వెళ్లిన మా అన్నయ్య ఆయన పుస్తకం ఒకటి తెచ్చిపెట్టాడు. దాన్ని లెక్కల పుస్తకంలో దాచుకుని చదివాను. తర్వాత పెళ్లి, ఉద్యోగం, బాబు. ఆ పుస్తకం అటక ఎక్కింది.

2020లో లాక్‌డౌన్ వచ్చి బడి మూతపడ్డాక దాన్ని మళ్లీ దించాను. ఫోనులోనే నలభై గంటల కోర్సు ఒకటి చేశాను. నేర్చుకున్నది నాలుగు ముక్కల్లో చెబుతాను. చాలామందికి దీని మీద ఉత్త భయమో, ఉత్త భ్రమో ఉంటుంది.

పద్దెనిమిదో శతాబ్దంలో మెస్మర్ అనే వైద్యుడు, మనుషుల్లో అయస్కాంతం లాంటి శక్తి ప్రవహిస్తుందని, దాన్ని సరిచేసి జబ్బులు తగ్గిస్తానని పారిస్‌లో పెద్ద హడావిడి చేశాడు. 1784లో ఫ్రాన్సు రాజు ఒక విచారణ సంఘం వేశాడు. అందులో బెంజమిన్ ఫ్రాంక్లిన్, లవోయిజే వంటి మహామహులున్నారు. అయస్కాంతమూ లేదు, గియస్కాంతమూ లేదు, అదంతా రోగి ఊహాబలమే అని వాళ్లు తేల్చారు. అక్కడితో ఆ విద్య పోవలసింది. పోలేదు. ఊహకే అంత బలం ఉంటే అదీ చిన్న విషయం కాదుగా! 1845లో మన పక్కనున్న బెంగాల్లో, హుగ్లీలో, ఎస్డైల్ అనే స్కాట్లండు వైద్యుడు ఖైదీలకు ఈ పద్ధతిలోనే మైకం తెప్పించి శస్త్రచికిత్సలు చేశాడు. అప్పటికింకా క్లోరోఫాం వాడుకలోకి రాలేదు. మాంచెస్టర్‌లో ఉండిన బ్రెయిడ్ అనే మరో వైద్యుడు 1843 నాటి తన పుస్తకంతో దీనికి హిప్నాటిజం అన్న పేరు స్థిరపరిచాడు. గ్రీకువారి నిద్రాదేవుడి పేరు మీద వచ్చిన మాట అది. తీరా చూస్తే అది నిద్ర కాదు. మనసు ఒక్కదాని మీదే నిలిచి, మిగతావన్నీ పక్కకు జరిగిపోవడం. కథ వింటున్న పిల్లాడికి అమ్మ పిలుపు వినబడకపోవడం లాంటిదే.

1950లలో బ్రిటిష్, అమెరికన్ వైద్య సంఘాలు దీనికి వైద్యంలో చోటుందని ఒప్పుకున్నాయి. నొప్పికి, ఆందోళనకి, ఐబీయెస్ అనే పేగుల బాధకి ఇది కొంత ఉపశమనం ఇస్తుంది. కానీ మందుకు బదులు కాదు. మరిచిపోయిన పాత సంగతులు దీనితో బయటికి లాగుతామంటే నమ్మకండి. లేని జ్ఞాపకాలు కూడా పుట్టుకొస్తాయి. భ్రమలు, భ్రాంతులు ఉన్నవాళ్ల మీద నేర్చీనేర్వనివాళ్లు అస్సలు ప్రయోగించకూడదు. ఇవన్నీ కోర్సులో రాసుకున్నాను, పరీక్షలో నూటికి తొంభై రెండు తెచ్చుకున్నాను. ఇక నా కథలోకి వస్తాను.

సర్టిఫికెట్ చేతికి వచ్చాక కాలు ఒకచోట నిలవలేదు. ముందు మన పిల్లల కోసం యూట్యూబ్‌లో గుణింతాల పాఠాలు మొదలుపెట్టాను. మా వీధిలో అప్పడాలు చేసే ముగ్గురికి వాట్సాప్‌లో బయటి ఊళ్ల ఆర్డర్లు పట్టడం మొదలుపెట్టాను. బరంపురం అప్పడానికి ఎక్కడైనా గిరాకీ ఉంటుందని మీకు తెలియనిదేముంది! మూడోది, తెలుగులో "నిద్ర పాఠాలు". కళ్లు మూసుకోండి, భుజాలు వదిలేయండి, ఊపిరి గమనించండి అంటూ పది నిమిషాల రికార్డింగులు. ఇవి చాలవన్నట్టు 2022లో దూరవిద్యలో తెలుగు ఎం.ఏ. కట్టాను. నాకు షుగరు ఉంది కనుక రోజూ నాలుగు కిలోమీటర్లు నడవాలని గోడ మీద రాసిపెట్టుకున్నాను.

నిద్ర పాఠాలు వినేవాళ్లు మూడొందలు దాటారు. "అమ్మా, మీ గొంతు వింటూనే నిద్ర పట్టేసింది" అని సందేశాలు వచ్చేవి. పొద్దున్న లేవగానే పళ్లు తోముకోకముందే అవి చూసుకునేదాన్ని. నడక రెండు రోజులకోసారి, తర్వాత వారానికోసారి అయింది. ఎం.ఏ. పుస్తకాల కట్ట దారం విప్పలేదు. మా వారు అన్నం ముందు కూర్చుని "ఊళ్లో అందరినీ పడుకోబెట్టాక మాకు చారు పోస్తావా?" అనేవారు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఇదేనేమో.

రికార్డింగుకి రాత్రి తొమ్మిదిన్నర మంచి వేళ. బజారు సద్దు తగ్గుతుంది. ఫాను ఆపి, తలుపులు మూసి, ఫోను ముందు కూర్చునేదాన్ని. పక్క గదిలో మా అత్తయ్యగారు. అప్పటికి ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్లు. ఆ చలికాలం, అంటే 2023 చివర, ఆవిడకి దగ్గు పట్టుకుంది. పడుకోగానే మొదలయ్యేది. నా రికార్డింగు పాడయ్యేది. గుమ్మంలోంచి "పది నిమిషాలు దగ్గకండి అత్తయ్యా" అనేదాన్ని. "అలాగేనమ్మా" అని పాపం నోటికి చెంగు అడ్డం పెట్టుకునేవారు. నిద్ర పట్టడం లేదంటే, నా పాఠమే ఫోనులో పెట్టి ఆవిడ దిండు పక్కన ఉంచి వచ్చేదాన్ని. ఒకరోజు ఆవిడ "ఏటమ్మాయీ, నీ గొంతు డబ్బాలోంచి వస్తంది. నువ్వేవీ?" అన్నారు. హాస్యమాడుతున్నారనుకుని నవ్వేశాను.

ఒక రాత్రి చేసిన పాఠంలో ఆవిడ దగ్గు సన్నగా పడింది. మళ్లీ చేసే ఓపిక లేక అలాగే పెట్టేశాను. మర్నాడు షోలాపూర్ నుంచి ఒకావిడ రాశారు. ఆస్పత్రిలో నర్సుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న తెలుగావిడ. "పాఠం బాగుంది. వెనకాల ఎవరో పెద్దవారు దగ్గుతున్నారు. పడుకుంటే ఎక్కువవుతోందా? కాళ్లు వాస్తున్నాయా? దయచేసి డాక్టరుకి చూపించండి." అంతే రాశారు.

చదివి అత్తయ్య గదిలోకి వెళ్లాను. ఆవిడ పడుకుని లేరు. పరుపు చుట్టి గోడకి ఆనించి, దానికి వీపు పెట్టి కూర్చున్నారు. పాదాలు చూశాను. పట్టీ గుర్తు లోతుగా పడి ఉంది. వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయింది. "ఎన్నాళ్లనించి అత్తయ్యా ఇలా?" అంటే, "దసరా కాడ నించమ్మా. పడుకుంటే ఊపిరాడదు. నీ పని పాడవుద్దని సెప్పలేదు" అన్నారు.

ఆ మధ్యాహ్నమే ఆస్పత్రికి తీసుకెళ్లాం. గుండె బలహీనపడింది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోంది, అందుకే పడుకుంటే దగ్గూ ఆయాసమూ అన్నారు డాక్టరు. "ఎన్నాళ్లుగా కూర్చుని నిద్రపోతున్నారు?" అని నన్ను అడిగారు. మా వారు నా మొహం చూశారు. నేను నేల చూశాను. ఇంకో పది రోజులు ఆగి ఉంటే ఏమయ్యేదో ఆయన చెప్పారు. అది ఇక్కడ రాయలేను. ఆరు రోజులు ఉంచి, నీరు తీసే మందులిచ్చి, ఉప్పు తగ్గించమని పంపారు.

ఆస్పత్రి బల్ల మీద కూర్చుని చాలా ఆలోచించాను. ఒక్కదాని మీద మనసు నిలిస్తే మిగతావి వినబడవని కోర్సులో చదివినదాన్ని. ఆ కుర్రాడికి ఉల్లి ఘాటు తెలియనట్టే నాకు పక్క గదిలో దగ్గు తెలియలేదు. తెలియకపోవడం కూడా కాదు, ఆపమన్నాను. నా గొంతుకి ముందుగా మైకం కమ్మింది నాకే. ఎక్కడో షోలాపూర్‌లో ఉన్న మనిషికి వినబడింది, గోడ ఇవతల ఉన్న నాకు వినబడలేదు.

ఇంటికొచ్చాక అన్నీ మానేద్దామనుకున్నాను. అత్తయ్యే వద్దన్నారు. "అన్నీ మానేసి నా మొహం సూస్తా కూకుంటావేటి? ఏది ఎంత కావాలో సూసుకో" అన్నారు. కాగితం తీసి రాసుకున్నాను. అప్పడాల ఆర్డర్లు ఆ ముగ్గురిలో చదువుకున్న అమ్మాయికి అప్పగించాను. ఇప్పుడు నాకంటే బాగా నడుపుతోంది. గుణింతాల పాఠాలు వారానికి ఒక్కటే, ఆదివారం పగలు. అది మన పిల్లల పని, వదలను. ఎం.ఏ.కి తెల్లవారుజామున గంట. మొదటి సంవత్సరం పూర్తయింది. రెండోది చదువుతున్నాను. నడక రెండు కిలోమీటర్లే, కానీ రోజూ.

హిప్నోథెరపీ వదల్లేదు. దాని చోటు మార్చాను. కొత్త రికార్డింగులు ఆపేశాను. ఉన్నవాటికి మొదట్లో ఒక మాట చేర్చాను: "మీకు నిద్ర పట్టకపోవడం మూడు వారాలు దాటితే, దగ్గు, ఆయాసం, వాపు ఉంటే, మనసు బొత్తిగా కుంగిపోయి ఉంటే, ఇది వినకండి, ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి." మా బళ్లో పరీక్షలకి వణికే పిల్లలకి ఊపిరి మీద మనసు పెట్టడం అయిదు నిమిషాలు నేర్పుతాను. తలనొప్పి తగ్గించమని, భర్త చేత తాగుడు మాన్పించమని వచ్చేవాళ్లని చదువుకున్న వైద్యుల దగ్గరికే పంపుతాను. నలభై గంటలు నేర్చుకున్నదానికి నా హద్దు అది. నాకోసం మాత్రం రోజూ రాత్రి పది నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చుంటాను. అప్పుడు ఫాను ఆపను, తలుపూ మూయను.

షోలాపూర్ అక్కయ్యకి ఉత్తరం రాసి, అప్పడాలు పంపాను. డబ్బు తీసుకోమంటే నేను ఒప్పుకోలేదు, ఆవిడా ఊరుకోలేదు, చివరికి నాకు ఒక షోలాపూర్ దుప్పటి వచ్చింది. అది అత్తయ్య కప్పుకుంటున్నారు.

చెల్లెమ్మా, నువ్వు అడిగినదానికి ఇదీ జవాబు. నీకు ఎన్ని పనులైనా ఉండనీ, సంతోషం. రోజులో ఒక్కసారి అన్నీ కట్టేసి, ఇంట్లో ఎవరు ఎలా ఊపిరి తీస్తున్నారో విను.

ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నరకి అత్తయ్య దగ్గర కూర్చుని కాళ్లు పడుతూ కబుర్లు చెబుతాను. ఒక్కోసారి మధ్యలోనే ఆవిడ నిద్రపోతారు. నిన్న మాత్రం కళ్లు మూసుకునే అన్నారు: "అమ్మాయీ, నీ పాఠాలూ బాగున్నాయి, నీ మందులూ బాగున్నాయి గానీ, అప్పడాలు అమ్మే ఇంట్లో నాకు అప్పడం ముక్క పెట్టకపోవడం ఏటి అన్యాయం?"