మయూర్ విహార్‌లో ఈల లేని ఆట

ఢిల్లీలో యమునకు తూర్పు ఒడ్డున ఉన్న ప్రాంతమంతటినీ పాతకాపులు ‘జమునాపార్’ అని పిలుస్తారు. ఒకప్పుడు ఆ మాటలో కొంత చిన్నచూపు ధ్వనించేదట. నిజాముద్దీన్ వంతెన దాటి ఈవలి ఒడ్డుకు రాగానే ఎడమవైపున 2005లో ప్రారంభమైన అక్షర్‌ధామ్ ఆలయ శిఖరాలు కనిపిస్తాయి. కుడివైపునకు మళ్లితే మయూర్ విహార్ మొదటి ఫేజ్. ఢిల్లీ అభివృద్ధి సంస్థవారి ఫ్లాట్లు, సహకార గృహసంఘాల బహుళ అంతస్తుల భవనాలు, వాటి నడుమ వేపచెట్లు, ఉదయాన్నే పాలకేంద్రం ముందు వరుస. పేరులో నెమలి ఉన్నది గాని, మేము ఉన్నన్నాళ్లూ మా కిటికీమీద వాలినవి పావురాలే. దక్షిణాదివారికి ఇక్కడ పరాయితనం తోచదు. ఉత్తర గురువాయూరప్పన్ ఆలయం పరిసరాల్లో సాయంకాలం నిలుచుంటే మలయాళం, తమిళం ధారాళంగా వినిపిస్తాయి. చెవి కొంచెం నిలిపితే తెలుగు కూడా దొరుకుతుంది.

నది ఇంత దగ్గరగా ఉన్నా ఇక్కడి పిల్లలకు ఈత నేర్పేది నది కాదు. ఆ నల్లని నీటిలో కాలు పెట్టడానికి ఎవరూ సాహసించరు. 2023 జూలైలో యమున 208.66 మీటర్ల మట్టానికి పెరిగి 1978 నాటి రికార్డును దాటినప్పుడు, ఒడ్డుపొలాల్లో కూరగాయలు పండించుకునే కుటుంబాలు గుడారాలు వేసుకుని రోడ్ల పక్కన, ఫ్లైఓవర్ల కింద తలదాచుకున్నాయి. కనుక ఈత అంటే ఇక్కడ కొలనులోని ఈతే. అక్షర్‌ధామ్ పక్కన 2010 కామన్వెల్త్ క్రీడల కోసం కట్టిన గ్రామంలోని క్రీడాప్రాంగణంలో ఒక కొలను ఉన్నది. గృహసంఘాల కొలనులూ, పాఠశాలల కొలనులూ మరికొన్ని ఉన్నాయి. చలికాలంలో ఆరుబయటి కొలనులను మూసివేస్తారు. వేసవిలో మాత్రం గట్టుమీద కాలు మోపడానికి చోటుండదు.

వాటర్ పోలో ఢిల్లీకి కొత్త ఆట కాదు. 1951లో ఇక్కడే జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో మన జట్టు ఈ ఆటలో స్వర్ణపతకం గెలిచింది. 1982లో మళ్లీ ఇక్కడే కాంస్యం దక్కింది. ఆ తరువాత ఈ ఆటను మనవారు దాదాపు మరచిపోయారనే చెప్పాలి.

ఆ మరచిపోయిన ఆటను మాకు గుర్తుచేసినది మా భవనంలోనే మూడో అంతస్తులో ఉండే తెలుగు కుటుంబంలోని పదహారేళ్ల కుర్రవాడు. పుట్టుకతోనే వినికిడి లేదు. తండ్రిది గోదావరి ప్రాంతం, ఉద్యోగరీత్యా ఇక్కడ స్థిరపడ్డారు. కుర్రవాడు చేపలా ఈదుతాడు. అయినా పాఠశాలల పోటీల్లో ఎప్పుడూ నాలుగోవాడో, అయిదోవాడో. కారణం తండ్రి చెప్పేదాకా మాకు తట్టలేదు. “బయలుదేరమని ఈల వేస్తారండి. వీడు పక్కవాడు దూకడం చూసి దూకుతాడు. ఆ అరసెకను వీడు జన్మలో పూడ్చుకోలేడండి,” అన్నారు.

ఈ అరసెకనును లోకం ఎప్పుడో గుర్తించింది. 1924లో పారిస్‌లో తొమ్మిది దేశాల నుంచి 148 మంది బధిర క్రీడాకారులు కలిసి తమ క్రీడోత్సవం జరుపుకున్నారు. నేటి డెఫ్‌లింపిక్స్‌కు మూలం అదే. ఈత అందులో మొదటినుంచీ ఉన్నది. వాటర్ పోలో కూడా ఆడారు. అక్కడ పందెం ఆరంభానికి దీపం వెలిగిస్తారు. 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో దక్షిణాఫ్రికాకు చెందిన బధిర ఈతగాడు టెరెన్స్ పార్కిన్ దీపపు సంకేతం చూసి దూకి, 200 మీటర్ల బ్రెస్ట్ స్ట్రోక్‌లో రజతం సాధించాడు. మన హైదరాబాద్ కుర్రవాడు ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్‌లింపిక్స్‌లో రైఫిల్ షూటింగ్‌లో స్వర్ణం గెలిచాడు. కర్నూలు అమ్మాయి షేక్ జాఫ్రీన్ అక్కడే టెన్నిస్ మిక్స్‌డ్ డబుల్స్‌లో కాంస్యం అందుకున్నది. ఆ క్రీడల్లో మన దేశానికి వచ్చిన పతకాలు మొత్తం 16.

కుర్రవాడు, అతని మిత్రులు కోరినది పందెం కాదు, ఆట. బధిర యువకులకు నాలుగు జట్ల వాటర్ పోలో పోటీ పెట్టాలని వారి పట్టు. ఇంజనీరు అన్న పాపానికి ఏర్పాట్ల బాధ్యత మా మీద పడింది.

చూడగా చూడగా, ఈ ఆటంత ఈలకు లొంగి ఉన్న ఆట మరొకటి లేదనిపించింది. జట్టుకు ఏడుగురు. గోల్‌కీపరు తప్ప మరెవరి కాలూ అడుగుకు తగలకూడదు. కొలనుకు రెండువైపులా ఇద్దరు రిఫరీలు నిలిచి క్షణక్షణం ఈల వేస్తూనే ఉంటారు. అయితే వినికిడి ఉన్నవారికి మాత్రం ఆ ఈల ఎంతవరకు చేరుతుంది? గాలిలోని శబ్దం నీటి ఉపరితలాన్ని తాకినప్పుడు దాని శక్తిలో సుమారు వెయ్యో వంతే లోపలికి దిగుతుంది, మిగిలినదంతా వెనుకకు మరలిపోతుంది. తల నీటిలో ఉన్న ఆటగాడు ఎవరైనా ఆ క్షణానికి బధిరుడే. అందుకే కాబోలు, ఈ ఆటకు ఈలతోపాటు చేతిభాష కూడా పుట్టింది. ఏ జట్టుకు బంతి దక్కినదీ, ఏ నంబరు టోపీవాడు తప్పు చేసినదీ రిఫరీ చేతులతోనే చూపుతాడు. పూర్వపు నియమాల్లో రిఫరీ చేతిలో ఒక కర్ర ఉండేది, దాని ఒక కొనకు తెల్లజెండా, మరో కొనకు నీలిజెండా. ఈ పిల్లలకు మేము నియమావళి వివరించబోతే, ఆ సంజ్ఞలను వారు మాకంటే ముందే పట్టేశారు.

అసలు చిక్కు కొలను దొరకడంలో వచ్చింది. ఒకచోట కార్యాలయంలో మమ్మల్ని మర్యాదగానే కూర్చోబెట్టి, “ప్రమాదం జరిగితే పిలిచినా వినరు కదా, బాధ్యత ఎవరిది?” అని అడిగారు. తండ్రి ఊరుకోలేదు. “మునిగేవాడికి పిలుపు వినపడితే మాత్రం లాభమేముందండి? గట్టుమీదివాడు చూస్తూ ఉండాలి గాని,” అన్నారు. వికలాంగుల క్రీడల్లో భాగస్వామ్యానికి ప్రభుత్వాలు చర్యలు తీసుకోవాలని 2016 నాటి చట్టంలోని 30వ సెక్షన్ చెబుతున్నది. ఆ కాగితం కూడా చూపాము. అనుమతి అక్కడ రాలేదు. మరోచోట సాయంత్రం రెండు గంటల సమయం ఇచ్చారు. అయితే వారి భయం పూర్తిగా నిరాధారం అనలేము. కొందరికి వినికిడితోపాటు చెవిలోని సమతౌల్య వ్యవస్థ కూడా దెబ్బతిని ఉంటుంది. నీటిలో మునిగితే పైకీ కిందకీ తేడా తెలియకపోవచ్చు. అందుకని ప్రతి ఆటగాడినీ వైద్యుడు చూడాలనీ, గట్టుకు రెండువైపులా రక్షకులు ఉండాలనీ నిబంధన పెట్టాము.

అర్హత దగ్గర మరో ముడి. డెఫ్‌లింపిక్స్ లెక్కలో మెరుగైన చెవిలో 55 డెసిబెల్స్ వినికిడి లోపం ఉంటే చాలు. మన చట్టం ప్రకారం ధ్రువపత్రం రావాలంటే రెండు చెవుల్లోనూ 60 కావాలి. ఈ రెంటి మధ్య చిక్కుకున్న కుర్రవాడొకడు మా జాబితాలోనే ఉన్నాడు. అతన్ని ఆడనిచ్చాము. ఎవరికైనా వినికిడి యంత్రం తీసే నీటిలో దిగాలన్నది మాత్రం అందరికీ ఒకటే నియమం.

దీపాల ఏర్పాటు మాకు నచ్చిన పని. నీటిదగ్గర ఇంటి కరెంటు ప్రమాదం కనుక 12 వోల్టుల బ్యాటరీ వాడాము. నాలుగు మూలలా నాలుగు దీపాలు, ఇద్దరు రిఫరీల చేతిలో చెరొక మీట. ఎవరు నొక్కినా నాలుగూ వెలుగుతాయి. ఖర్చు ఒక సీలింగు ఫ్యాను ఖరీదు దాటలేదు. మన టౌన్‌షిప్ కొలనుకు కూడా ఎవరైనా ఒక సెలవురోజులో అమర్చగలరు. రంగు ఒకటా, మూడా అన్న చర్చ వచ్చింది. తప్పుకు ఎరుపు, గోలుకు పచ్చ అని పెద్దలు అంటుంటే కుర్రవాడు తల అడ్డంగా ఊపాడు. ఆట ఆగిందని దీపం చెబితే చాలునట, ఎందుకు ఆగిందో చేయి చెబుతుందట. అతని మాటే నిలిచింది. దీపం వరుసగా మూడుసార్లు వెలిగి ఆరితే అందరూ గట్టు పట్టుకోవాలన్న అపాయసూచన ఒక్కటే అదనం.

మొదటి సాధనకు పదిమందే వచ్చారు. అయిదుగురు చొప్పున ఆడించాము. పడమటి ఎండ నీటిమీద పడి ఆ వైపు దీపాలు కనిపించకుండా చేసింది. వాటి వెనుక నల్లరంగు వేసిన ప్లైవుడ్ చెక్కలు నిలబెట్టగా కుదిరింది. గట్టుమీద కూర్చున్న తల్లిదండ్రులు మొదట్లో అలవాటుకొద్దీ కేకలు వేశారు. కాసేపటికి వారూ చేతులు పైకెత్తి ఆడించడం మొదలుపెట్టారు. చప్పట్లకు బదులు బధిరులు చేసే పని అదే. నీటి చప్పుడు తప్ప మరేమీ వినిపించని ఆ గంటసేపట్లో కుర్రవాడు మూడు గోల్స్ వేశాడు. తండ్రి పక్కకు తిరిగి కళ్లజోడు తుడుచుకుంటూ, “ఇక్కడ వీడు ఎవరినీ చూసి దూకనక్కర్లేదండి,” అన్నారు.

పోటీ తేదీ ఇంకా ఖాయం కాలేదు. కొలనులు మూసేలోగా జరపాలి. 2015లో ఏర్పడిన భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన శిక్షణ కేంద్రం నది ఆవలి ఒడ్డున ఓఖ్లాలో ఉన్నది. రిఫరీలకు ఆ భాషలో నాలుగు ముక్కలు వచ్చి ఉంటే మంచిదని, అక్కడ నేర్చుకున్నవారిలో ఎవరినైనా పిలవాలనుకుంటున్నాము. జట్లు మూడు పూర్తయ్యాయి. నాలుగోదానికి ఇద్దరు తక్కువ. త్రిలోక్‌పురి నుంచి ఒకడు, నోయిడా నుంచి ఒకడు వస్తామన్నారు. నోయిడావాడికి బంతి విసరడం బాగా వచ్చు గాని ఈత అంతంతమాత్రం. రోజూ సాయంత్రం ఆరింటికి అతనికి ఈత నేర్పే పని మా కుర్రవాడు తానే తీసుకున్నాడు.