హిమాలయం చూసొచ్చిన తుమ్మపూడి

చలి ముదిరింది, మంట దగ్గరికి జరగండి. పుష్యమాసంలో కృష్ణ వైపు నుంచి గాలి తిరిగిందంటే, మా కొల్లిపరలో కబుర్లు ధాన్యం రేటుతో మొదలైనా చివరికి దేవుడి దగ్గరికే చేరతాయి. "అసలీ బతుకు దేనికండీ?" అని ఎవరో ఒకరు అడగనే అడుగుతారు. ఆ మాట వినపడ్డప్పుడల్లా నాకు పక్కనున్న తుమ్మపూడి గుర్తొస్తుంది.

సూర్యదేవర సంజీవదేవ్ 1914లో పుట్టింది అక్కడే. పసుపు పండే పల్లె. డిగ్రీలు లేవు గానీ దేన్నయినా కళ్లారా చూడాలనే ఆరాటం ఉంది. ఆ ఆరాటమే కుర్రవయసులో ఆయన్ని హిమాలయాలకు తీసుకుపోయింది. కులూ లోయలోని నగ్గర్‌లో నికొలస్ రోరిక్ అనే రష్యన్ చిత్రకారుడు మంచుకొండల బొమ్మలు గీస్తూ ఉండేవారు. తెనాలి పక్క రైతుబిడ్డ ఆయనకు అతిథి అయ్యాడు!

అంత దూరం వెళ్లినవాడు కాషాయం కట్టి అక్కడే ఉండిపోలేదు, చూశారూ, నాకు నచ్చేది అదే. తిరిగొచ్చి తుమ్మపూడిలో కాపురం పెట్టి, 1999లో పోయేదాకా బొమ్మలు గీశారు, కళ మీదా తత్త్వం మీదా తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాశారు. ఇక ఉత్తరాలంటారా, పుస్తకాలుగా అచ్చేసేటన్ని! మబ్బు రంగు గురించి ఎంత శ్రద్ధగా ఆలోచించారో మనసు గురించీ అంతే. ఒకటి కుతూహలం, రెండోది ఆధ్యాత్మికం అని గోడ కట్టింది మనమే.

తెనాలిలో పెరిగిన రచయిత చలం దారి వేరు. 1950లో అరుణాచలం వెళ్లి, 1979లో అక్కడే కన్నుమూశారు. అదే తెనాలిలో ఉంటూ త్రిపురనేని రామస్వామి చౌదరి సూతపురాణం రాసి పురాణాలనే నిలదీశారు. నన్నడిగితే ఆయనదీ అన్వేషణే.

ఒక్క ప్రాంతంలో ఇంతమందా అంటారేమో. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక కాలవ నీళ్లొచ్చాయి, గింజలు ఇంటికొచ్చాయి. ఆకలిగా ఉన్నవాడికీ ఇవే ప్రశ్నలు పుడతాయండీ, కూర్చుని ఆలోచించే తీరికే ఉండదు. ఆ తీరిక కొందరికే దక్కిందన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

సంజీవదేవ్ ఆత్మకథ 'తెగిన జ్ఞాపకాలు' దొరికితే చదవండి. చదివాక రండి, మీరు వెళ్లి ఉండిపోయిన చలం వైపో, వెళ్లి తిరిగొచ్చిన ఈయన వైపో తేల్చుకుందాం.