మన్యములో మంచునాటి కుట్టుపని

పుష్యమాసమున మన్యపు చలి యెట్టిదో అనుభవించిననే కాని తెలియదు. నర్సీపట్నము దాటి కనుమదారి పట్టినది మొదలు గాలి మారును. దారికి ఇరువైపుల నిటారుగా నిలిచిన సిల్వరు ఓకు చెట్లు, వానిని పెనవేసికొన్న మిరియపుతీగలు, వాని నీడను కాఫీతోటలు కానవచ్చును. సముద్రమట్టమునకు సుమారు 1000 మీటర్ల యెత్తున లంబసింగి తగులును. దానికి కొర్రబయలని మారుపేరు కలదు. రాత్రివేళ బయట నిలిచినవాడు కొర్రవలె, అనగా కట్టెవలె, బిగిసిపోవునని ఆ పేరునకు అర్థము చెప్పుదురు. అచ్చటినుండి సుమారు 20 కిలోమీటర్లు పోయినచో మా చింతపల్లి. 1922వ సంవత్సరము ఆగస్టు 22వ తేదీని అల్లూరి సీతారామరాజుగారు తన అనుచరులతో వచ్చి తుపాకులు పట్టుకొనిపోయిన పోలీసుఠాణా ఈ యూరిదే. 2022లో ఏర్పడిన మా జిల్లాకు ఆయన పేరే పెట్టిరి.

చలికాలమున మంచు చూడవలెనని యాత్రికులు తెల్లవారకమున్నే లంబసింగి చేరుదురు. మంచు చూచి, వేడి తేనీరు త్రాగి, ఎండ యెక్కునప్పటికి దిగిపోవుదురు. ఇచ్చటనే కాపురమున్న మావంటివారికి మంచు చూడదగిన వింత కాదు; దానితో వేగవలసినదే. అట్టి దినమొకటి ఇంటిపట్టున ఎట్లు గడపితిమో, అందు మాకు తెలిసివచ్చిన దేమో సోదరీమణులకు మనవిచేయుదుము.

ఆనాడు ఆదివారము. పిల్లలకు బడి లేదు. ప్రొద్దెక్కినను పెరటి నూతిగిలక కంటికి కనబడలేదు. ఎదురింటివారు వేసిన నెగడు ఎఱ్ఱని మచ్చవలె మాత్రము తోచుచుండెను. ఆరవేసిన బట్టలు ఆరకపోగా మంచుకు మరింత తడిసినవి. వంటపని ముగించుకొని, కుంపటి నడిమింటికి తెచ్చి, దాని ప్రక్కను మా అత్తగారిని కూర్చుండబెట్టి, పెట్టెలోని మ్యాటీగుడ్డను తీసితిమి.

ఆ గుడ్డపై తులసికోట, దాని కిరుప్రక్కల రెండు చిలుకలు కుట్టవలెనని మూడేండ్ల క్రిందట మొదలుపెట్టినవారు మా అత్తగారే. తులసికోట, ఒక చిలుక పూర్తియైనవి. రెండవ చిలుకకు తోకయు, వీపును దిద్దునప్పటికి ఆమెకు నీటికాసుల జబ్బు ముదిరి చూపు పోయెను. ఆ జబ్బుతో పోయిన చూపు మరల రాదని వైద్యులు చెప్పిరి. అంచున కుట్టిన పసుపుదారము వలిసెపూల వన్నె. చూపున్న కడపటి ఏట ఆమె చేలగట్టున నిలిచి, పూవు ప్రక్కను దారము పెట్టి, సరిచూచి యెంచుకొన్నది. ఇప్పుడు మా ఆడపడుచు కుమార్తెకు మాఘమాసమున పెండ్లి. అమ్మమ్మ చేతిపని ఆ పిల్లతో అత్తవారింటికి పోవలెనని మా కోరిక.

క్రాసుకుట్టు చూచుటకు సులువు; లెక్క తప్పినచో కఠినము. మా గుడ్డకు అంగుళమునకు 14 గడులు. 42 గడుల వెడల్పుగల చిలుక మూడంగుళములలో ఇముడును. క్రొత్తగా మొదలుపెట్టువారు గుడ్డను నాలుగు మడతలు పెట్టి నడిమి గడి గుర్తించి, అచ్చటనే తొలికుట్టు వేయవలెను. ఆరుపోగుల దారమునుండి రెండుపోగులు విడదీసి, మొన మొద్దుగానున్న సూదికి ఎక్కింపవలెను. ముడి వేయరాదు; దారపుకొసను వెనుకవైపు కుట్లక్రింద దూర్చవలెను. కర్ణాటకదేశమున ధార్వాడ ప్రాంతపు స్త్రీలు కుట్టు కసూతిపనిలో గవంతి, ముర్గి, నేగి, మెంతి యని నాలుగు విధములు కలవు. అందు మెంతి యనునది మన క్రాసుకుట్టే. వారు గుడ్డమీద బొమ్మ గీచుకొనరు. నూలుపోగులు లెక్కించియే గోపురములను, ఏనుగులను, తులసికోటలను దింపుదురు.

చలిలో వ్రేళ్లు కొంకర్లుపోయి సూది నిలువదు. కుంపటివద్ద చేతులు కాచుకొనవలెను. అయితే బొగ్గుమసి గాని, పసుపుమరక గాని తెల్లగుడ్డ కంటెనా, మరి వదలదు. కావున కాచుకొనుట, సబ్బుతో కడుగుకొనుట, తుడుచుకొనుట, పదికుట్లు వేయుట, మరల కాచుకొనుట! ఇట్లు రెండుగంటలలో మూడువరుసలు సాగినవి. అత్తగారు పెండ్లికూతురి చిన్ననాటి ముచ్చట్లు చెప్పుచుండిరి. పిల్లలు నిప్పులలో చిలగడదుంపలు కాల్చుకొనుచుండిరి. ఇంతకంటె సుఖమేమి కావలెననిపించెను.

పదునొకండు గంటలకు మంచు విచ్చి గవాక్షమున ఎండ పడెను. గుడ్డను వెలుగున కెత్తి చూచితిమి. చిలుకవీపు ఒక ఆకుపచ్చ, మేము కుట్టిన రొమ్ము వేరొక ఆకుపచ్చ! దార మొక్కటే, సంఖ్యయు నొక్కటే. పరికించి చూడగా కారణము తెలిసినది. మా మీదికుట్టు కుడివైపు క్రిందినుండి ఎడమవైపు పైకి పోవుచున్నది. ఆమెది ఎడమవైపు క్రిందినుండి కుడివైపు పైకి. మీదిపోగు వాలు మారినచో వెలుగు వేరుగా పడి, వన్నెయే మారినట్లు తోచును.

"అత్తయ్యగారూ, మీ కుట్టు మా కుట్టుకు ఎదురుగా వాలినదేమి?" అని యడిగితిమి.

ఆమె కొంతసేపు పలుకలేదు. పిమ్మట మెల్లగా, "అది ఎడమచేతి పనమ్మా," అనిరి.

ఇరువదియేండ్లుగా ఒక యింట మెలగుచున్నను ఆ సంగతి మేమెరుగము. చిన్ననాట ఆమెది ఎడమచేతివాటము. అన్నము తినబోయిన కొట్టిరి. పలక పట్టబోయిన కొట్టిరి. అన్నియు కుడిచేతికి మారినవి. సూది యొక్కటి మాత్రము, వెనుకగదిలో ఒంటరిగా కూర్చుండి పట్టునది గావున, ఎడమచేతనే నిలిచిపోయెను. ఎవరైన వచ్చిన అలికిడియైనచో పని ఒడిలో దాచుకొనువారట!

"శుభకార్యానికి ఎడమచేతి పని పనికిరాదంటారు. నాది విప్పేసి నీ చేత్తో అంతా కుట్టు. ఒక్కతీరుగా ఉంటుంది. నాకు ఎలాగూ కనపడదు కదా," అనిరి.

ఆ కడపటిమాట మాకు ములుకువలె నాటెను. రెండుచేతులను విల్లు వంచగలిగినందుకు అర్జునుని సవ్యసాచి యని మహాభారతము పొగడినది. చతుష్షష్టి కళలలో సూచీవానకర్మమును చేర్చిన పెద్దలు అది ఏ చేత చేయవలెనో నియమింపలేదు. మరి అత్తగారి చేయి ఏమి పాపము చేసినది? 1598లో జేన్ బోస్టాక్ అను ఆంగ్లస్త్రీ ఒక గుడ్డపై పలువిధముల కుట్లు కుట్టి, అందే ఆలిస్ లీ యను పాప 1596 నవంబరు 23న పుట్టినదని అక్షరములు దింపినది. ఆ గుడ్డ నేటికిని లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో నున్నది. ఆ స్త్రీ చేయి పోయి నాలుగు శతాబ్దములైనను చేతిపని నిలిచినది. కుట్టు విప్పినచో దారమొకటే పోదు. ఆ చేతి జాడయు పోవును.

కత్తెర తెచ్చి మా మూడువరుసలు మేమే విప్పితిమి. విప్పుట కుట్టుటకంటె కష్టము. పోగు తెగకుండ, గడి సాగకుండ సూదిమొనతో లాగవలెను. పిమ్మట అత్తగారి వాలున మరల మొదలుపెట్టితిమి. అలవాటైన చేయి పదేపదే తన దారినే పోజూచెను. మాటిమాటికి ఆగి, మొదటి చిలుకను చూచి, ఆమె పోగుపోయిన త్రోవనే మా పోగును నడిపితిమి. వెలుగు తగ్గునప్పటికి రెండువరుసలు మాత్రమే ముగిసినవి.

గుడ్డ అత్తగారి చేతి కిచ్చితిమి. ఆమె వ్రేలితో వీపునుండి రొమ్ముదాక నెమ్మదిగా తడవి, "నాది ఎక్కడ ఆగిందమ్మా?" అని యడిగిరి. వ్రేలు పట్టి ఆ చోటు చూపితిమి. ఆమె మరల తడవి చూచి, గుడ్డను మడిచి ఒడిలో పెట్టుకొనిరి. వాకిట పొరుగువారి అడుగుల సవ్వడి వినబడినను దానిని దాచలేదు.

మాఘమునకు ఇంక మూడువారములున్నవి. చిలుక పూర్తికాగలదు. సోదరీమణులారా, మీ యింటి పెట్టెలలోను సగము కుట్టి విడిచిన గుడ్డలుండవచ్చును. ఈ చలిదినములలో ఒకటి తీసి, కుట్టినవారిని ప్రక్కను కూర్చుండబెట్టుకొని, వారి పోగు ఎటు వాలినదో ముందుగా అడిగి తెలిసికొనుడు. సూది ఎక్కించుట ఆ పిమ్మటనే.